తొలినాటి మొబైల్ ఫోన్లు: ఏ దేశంలో ఏ పేరు, ఎందుకు?

పాతరేడియో (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. వాల్వు రేడియోలు, నల్ల డయల్ ఫోన్లు పోగుచేసే పిచ్చి నాకుందని ఇక్కడి పాత సభ్యులకు తెలుసు. ఆ సంగతి తెలిసిన మిత్రుడొకరు మొన్న తన దగ్గరున్న మోటరోలా డైనాటాక్ 8000ఎక్స్ తెచ్చి నా చేతిలో పెట్టారు. యాంటెన్నాను వదిలేసినా జానెడుకు మించిన పొడవు, 790 గ్రాముల బరువు. కాసేపు చెవి దగ్గర పట్టుకుంటే మోచెయ్యి లాగేస్తుంది. 1983లో అమెరికాలో దీని వెల 3,995 డాలర్లు. పది గంటలు చార్జింగ్ పెడితే అరగంట మాట్లాడుకోవచ్చు. ముప్పై నంబర్లు దాచుకోవచ్చు. అంతే దాని ప్రతాపం.

ఇలాంటి ఫోన్లను బ్రిటన్‌లో 'బ్రిక్', అంటే ఇటుక అన్నారు. హాంకాంగ్‌లో 'దాయ్ గో దాయ్' అన్నారు, అంటే పెద్దన్నలకు పెద్దన్న. ఒకచోట వెక్కిరింత, ఇంకోచోట దండం! అప్పటినుంచి ఈ పేర్ల సంగతి నన్ను పట్టుకుంది. మనవాళ్లు లేని దేశం లేదు కదా, మీరున్న చోట ఈ వస్తువుకు ఏ పేరు, అది ఎలా అంటుకుందో రాయండి. నిఘంటువు అర్థాలతో సరిపెట్టకండి. మొదట అమ్మినవాడు ఏమంటే జనం అదే అన్నారని నా అనుమానం. కాదంటారా, వాదించండి.

తంతివాడు

రేడియో గారూ, నా ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లోనే గడిచింది కాబట్టి కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను.

ఈ వస్తువు మొదట చేతిలోది కాదు, కారులోది. 1946 జూన్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో బెల్ సంస్థ కార్లలో రేడియో టెలిఫోను సేవ మొదలుపెట్టింది. యంత్రం డిక్కీలో, రిసీవరు డ్రైవరు పక్కన. మొత్తం సరంజామా బరువు 36 కిలోల దాకా ఉండేది. ఆపరేటరును పిలిచి నంబరు చెప్పాలి, మాట్లాడేటప్పుడు మీట నొక్కి పట్టుకోవాలి. అసలు చిక్కు బరువు కాదు. ఊరంతటికీ ఒకటే పెద్ద ట్రాన్స్‌మిటరు, చేతివేళ్ల మీద లెక్కపెట్టగల చానెళ్లు. ఆ చానెళ్లన్నీ నిండిపోతే తర్వాతివాడు కాచుకోవాల్సిందే.

దీనికి విరుగుడు 1947 డిసెంబరులోనే బెల్ ల్యాబ్స్ ఇంజనీరు డగ్లస్ రింగ్ ఒక అంతర్గత పత్రంలో రాశారు. ఊరిని ఆరు మూలల గడులుగా కోయండి, ఒక్కో గడికి తక్కువ శక్తి గల చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టండి, ఒక గడిలో వాడిన ఫ్రీక్వెన్సీని దూరంగా ఉన్న ఇంకో గడిలో మళ్లీ వాడుకోండి. కారు ఒక గడి దాటి ఇంకో గడిలోకి వెళ్తే సంభాషణ తెగకుండా అప్పగించండి. ఆ గడి పేరే 'సెల్'. ఆలోచన అయితే సిద్ధమైంది గానీ, ఆ అప్పగింతను క్షణంలో జరిపే ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు లేవు, కావలసినన్ని ఫ్రీక్వెన్సీలు ప్రభుత్వం ఇవ్వలేదు. ముప్పై ఏళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది.

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ చేత పట్టుకునే ఫోనుతో మొదటి కాల్ చేశారు. ఎవరికి? ఇదే పనిలో ఉన్న పోటీ సంస్థ బెల్ ల్యాబ్స్‌లోని జోయెల్ ఎంగెల్‌కు. ఆ కాల్‌లో ఎంత ఉడికింపు ఉందో ఊహించుకోండి.

కాబట్టి అమెరికా 'సెల్' అన్నా, బ్రిటన్ 'మొబైల్' అన్నా అవి అమ్మినవాడు పెట్టిన పేర్లు కావు, ఇంజనీర్ల కాగితాల్లోంచి బయటపడ్డవి. మీ అనుమానంలో సగమే నిజం.

సీతమ్మధార

ఫోటో పెట్టకుండా వదిలేశారేం రేడియో గారూ?

బవేరియా_భాస్కర్

జర్మనీ నుంచి. ఇక్కడ పేరు 'హ్యాండీ', పలికేటప్పుడు 'హెండీ'. ఇంగ్లీషు మాటలా కనిపిస్తుంది గానీ ఆ అర్థంలో ఇంగ్లీషువాళ్లెవరూ వాడరు. లండన్ నుంచి వచ్చిన సహోద్యోగి ముందు ఈ మాట అంటే అయోమయంగా చూస్తాడు.

ఎలా పుట్టిందన్నదాని మీద ఇక్కడే ఏకాభిప్రాయం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల చేతుల్లో ఉన్న మోటరోలా రేడియో పేరు 'హ్యాండీ టాకీ'. అక్కడి నుంచి సరదాకు వైర్‌లెస్ నడిపే హామ్ రేడియో వాళ్ల నోట్లోకి, అక్కడి నుంచి ఫోనుకు వచ్చిందన్నది ఒక వాదన. ష్వాబియా ప్రాంతం వాళ్లు వేసే ఛలోక్తి ఇంకా బాగుంటుంది. తొలిసారి ఆ ఫోన్లు చూసిన పల్లెటూరాయన తన యాసలో 'హెన్ డీ కోయ్ ష్నూర్?' అన్నాడట, అంటే 'వీటికి తీగ లేదా?' అని. ఆ మొదటి రెండు ముక్కలే 'హెండీ' అయ్యాయని నవ్వుతూ చెప్తారు.

తంతివాడు గారు కార్ల సంగతి రాశారు కాబట్టి ఇది కూడా వినండి. ఇక్కడ 1958లో ఏ-నెట్, 1972లో బీ-నెట్, 1985లో సీ-నెట్ అనే కారు ఫోను నెట్‌వర్కులు వచ్చాయి. బీ-నెట్ కాలంలో కారులో ఉన్న మనిషికి ఫోను చేయాలంటే ఆ క్షణంలో ఆ కారు ఏ ఊరి పరిసరాల్లో ఉందో మనకు ముందే తెలియాలి, ఆ ప్రాంతం కోడ్ కలిపి తిప్పాలి. ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి కదా ఫోను చేసేది! సీ-నెట్‌తో ఆ బాధ తీరింది, దేశమంతటికీ 0161 ఒక్కటే కోడ్ అయింది. ఈ మూడు తరాల్లోనూ అధికారిక పేరు 'కారు టెలిఫోను'కు అటూఇటూగానే ఉండేది. 1992లో జీఎస్ఎం అనే డిజిటల్ పద్ధతి వచ్చి చిన్న సెట్లు జనం చేతికందాకే 'హ్యాండీ' ఊపందుకుంది.

పక్కనే ఉన్న స్విట్జర్లండ్‌లో మాత్రం రేడియో గారి మాటే గెలిచింది. 1978లో అక్కడి తంతి తపాలా శాఖ మొదలుపెట్టిన సేవ పేరు 'నాటెల్', 'జాతీయ కారు టెలిఫోను' అనే జర్మన్ మాటల కుదింపు. కార్లు పోయాయి, డిక్కీలు పోయాయి, పేరు మాత్రం చేతిలోని ఫోనుకు అంటుకుపోయింది. కారే లేని పిల్లలు కూడా నాటెల్ అనేవారు. బెల్జియంలో ఇంకో వింత. అక్కడ సాంకేతిక ప్రమాణం పేరే వస్తువు పేరు. 'నా జీఎస్ఎం ఎక్కడ పెట్టాను?' అని వెతుక్కుంటారు.

ఎస్పో_వాసి

ఫిన్లండ్ గురించి రాయకపోతే ఈ చర్చకు పరువు ఉండదు. నోకియా పుట్టిల్లు ఇది.

ఉత్తర ఐరోపా దేశాలు కలిసి ఎన్ఎంటీ అనే వ్యవస్థను 1981లో మొదలుపెట్టాయి. ఒక దేశంలో కొన్న ఫోను సరిహద్దు దాటి పక్క దేశంలోనూ పనిచేయడం దీని గొప్ప. 1982లో వచ్చిన మోబిరా కంపెనీ కారు ఫోను 'సెనేటర్' బరువు దాదాపు పది కిలోలు. రెండేళ్లకు వచ్చిన టాక్‌మన్ అయిదు కిలోలు, దానికి పైన పట్టుకోవడానికి పిడి కూడా ఉండేది. 1987లో సిటీమన్ 900 వచ్చింది, 800 గ్రాములకు దిగింది. 1989లో సోవియట్ నేత గోర్బచెవ్ హెల్సింకి వచ్చినప్పుడు ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాస్కోతో మాట్లాడారు. ఫోటో లోకమంతా తిరిగింది. ఆ రోజు నుంచి ఆ మోడల్‌కు ఇక్కడ 'గోర్బా' అని పేరు. అమ్మినవాడు పెట్టని పేరు ఇది.

ఇక మామూలు పేరు 'క్యాన్నుక్క'. చేతికి సంబంధించిన ముద్దుపేరు లాంటి మాట. ఇది జనం నోట పుట్టిందని బయటివాళ్లు అనుకుంటారు గానీ, 1987లో నోకియా-మోబిరా నమోదు చేయించుకున్న వాణిజ్య నామం. పోటీ కంపెనీల ఫోన్లను కూడా జనం అదే పేరుతో పిలవడంతో కంపెనీ చేతిలోంచి జారిపోయింది.

స్వీడన్‌వాళ్లు ఇంకా కొంటెవాళ్లు. ఎనభైల చివర కొత్తగా డబ్బు చేసిన యువకులు దీన్ని ఎక్కడికైనా చంకన పెట్టుకుపోతుంటే, చిన్నపిల్లలు ఎలుగుబంటి బొమ్మను వదలనట్లు ఉందని 'యుప్పీనల్లె' అన్నారు. 'నల్లె' అంటే ఆ బొమ్మే. తర్వాత వెక్కిరింత అరిగిపోయి వట్టి 'నల్లె' మిగిలింది. ధనవంతుల ఆటవస్తువుగా ఉన్నన్నాళ్లు ఎగతాళి పేర్లు పుట్టాయి, తమ చేతికి వచ్చాక జనం ఆ పేర్లనే మురిపెంగా వాడుకున్నారు. నాకు కనిపించే సూత్రం అది.

షికాగో_చిన్నోడు

ఇక్కడ మాట చాలా చిన్నది: సెల్ ఫోన్, లేదా సెల్. డైనాటాక్ పనిచేసిన తొలి వాణిజ్య నెట్‌వర్క్ 1983 అక్టోబరులో మా ఊళ్లోనే మొదలైంది.

పేరు కన్నా నంబరు సంగతి ఆసక్తికరం. ఐరోపాలో మొబైల్ నంబరు చూడగానే తెలిసిపోతుంది, వేరే కోడ్ ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఫోను చేసినవాడే డబ్బు కడతాడు, ఖర్చు ఎక్కువని ముందే తెలియాలి కదా. అమెరికాలో మాత్రం సెల్లుకు కూడా మామూలు ఊరి కోడే ఇచ్చారు. దాంతో చేసినవాడికి అది సెల్లో ఇంటి ఫోనో తెలియదు, అదనపు ఖర్చు అతని మీద వేయలేకపోయారు, అందుకున్నవాడి నిమిషాలు కరిగిపోయేవి. తొలినాళ్లలో ఇక్కడ చాలామంది అత్యవసరానికి తప్ప సెల్లు ఆన్ చేసేవారే కాదు.

సీతమ్మధార

అందుకున్నవాడి నిమిషాలు కరిగిపోవడం అన్నారు చూడండి, మన దగ్గరా అదే కథ. తొంభైల చివర మా మామగారికి రొయ్యల వ్యాపారం. ఇంట్లో మొదటి సెల్లు ఆయనదే. చొక్కా జేబు కిందికి లాగేస్తుందని నడుముకు తోలు సంచి కట్టుకునేవారు. ఫోను మోగగానే ఎత్తేవారు కాదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెర మీది నంబరును ఎడమచేతి అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకునేవారు, ఎర్ర మీట నొక్కేవారు, రోడ్డు దాటి ఎస్టీడీ బూత్‌కు వెళ్లి ఆ నంబరుకు ఫోను చేసేవారు. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి మరి. ఇంటి ఫోనుకు అవతలివాళ్ల నంబరు కనిపించడం అప్పటికి లేదు కాబట్టి, ఆయన దృష్టిలో సెల్లు అంటే మాట్లాడే యంత్రం కాదు, నంబరు చూపించే యంత్రం.

మా ఇంట్లో ఎప్పుడూ 'సెల్లు' అనే అన్నాం. 'మొబైల్' అన్నది మా పిల్లలు కాలేజీకి వెళ్లాక ఇంట్లోకి వచ్చిన మాట. మన దగ్గర సెల్లు అన్న పేరు ఎందుకు నిలిచిందో తంతివాడు గారు చెప్పాలి.

తంతివాడు

చెప్తానమ్మా. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న. కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీ సంచార్ భవన్‌లో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల పైచిలుకు. మీ మామగారు రోడ్డు దాటడంలో ఆశ్చర్యం లేదు.

లైసెన్సులు మొదట నాలుగు మహానగరాలకే ఇచ్చారు. హైదరాబాద్ ఆ నాలుగింటిలో లేదు, ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో భాగంగా వచ్చింది. ఆ సర్కిల్‌లో ఇద్దరే ప్రైవేటు ఆపరేటర్లు: టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. చూడండి, ఒకరి పేరులో సెల్యులార్, ఇంకొకరి పేరులో మొబైల్! మొదటిది తర్వాత ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. 98480తో మొదలయ్యే పాత నంబర్లు మొదటివాళ్లవి, 98490వి రెండోవాళ్లవి. ఆ వరస నంబరు ఇప్పటికీ మార్చకుండా ఉంచుకున్నవాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

న్యాయవాదులకు టాటా సెల్యులార్ అన్న పేరు ఇంకోలా తెలుసు. మహానగరాల టెండర్ల మీద ఆ కంపెనీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన తీర్పును ప్రభుత్వ టెండర్ల వివాదాల్లో నేటికీ ఉదహరిస్తారు.

టెలికం శాఖ కాగితాల్లో ఈ సేవ పేరు 'సెల్యులార్ మొబైల్ టెలిఫోన్ సర్వీస్'. మనవాళ్లు అందులో మొదటి ముక్క పట్టుకున్నారు. టార్చిలైటులో వేసే 'సెల్లు' అప్పటికే తెలిసిన మాట కావడం కూడా కలిసొచ్చిందని నా ఊహ. 2003లో, వచ్చే కాల్‌కు డబ్బు కట్టే పద్ధతి పోయాక, అదే ఏడాది రిలయన్స్ 501 రూపాయల పథకంతో సిమ్ కార్డే లేని, సీడీఎంఏ అనే వేరే పద్ధతి సెట్లు పంచాక, బీఎస్ఎన్ఎల్ మండల కేంద్రాల దాకా వెళ్లాక సెల్లు ఊరూరా చేరింది. పత్రికల్లో నేటికీ 'సెల్‌ఫోన్ డ్రైవింగ్' అనే రాస్తారు, ఊళ్లో అది 'సెల్ టవర్' తప్ప మొబైల్ టవర్ కాదు.

సెల్ అంటే ఏమిటో తెర మీదే చూపించిన రోజులూ ఉన్నాయి. పాత నోకియా సెట్లలో 050 చానెల్ ఆన్ చేసుకుంటే ఏ టవరు కింద ఉన్నామో ఆ ప్రాంతం పేరు వచ్చేది. రాత్రి బస్సులో కిటికీ తెర తీయకుండానే సూర్యాపేట దాటామా లేదా తెలిసిపోయేది.

పదసేవ

పెద్దలందరూ సెల్లు, మొబైల్, హ్యాండీ అంటున్నారు. మనకు 'చరవాణి' అని చక్కటి మాట ఉంది. ఆకాశవాణి, దూరవాణి వరసలో ఇమిడిపోయింది. పత్రికలు కూడా రాస్తున్నాయి. దాన్ని వాడదామని ఒక్కరైనా అనరా?

అనంత_సీమ

పదసేవ గారూ, కోపం వద్దు. మాకు బెంగళూరు రాకపోకలు ఎక్కువ కాబట్టి పక్కింటి సంగతి చెప్తాను. కన్నడంలో 'జంగమవాణి' అని పెట్టుకున్నారు. స్థావర జంగమాల్లోని జంగమం. ఎంత అందమైన మాట! కానీ బెంగళూరు ఆటోవాడు జంగమవాణి అనడం నేను వినలేదు. తమిళంలో 'కైపేసి', 'అలైపేసి' రెండూ ఉన్నాయి, ఆ రెంటినీ టీవీ వార్తల్లో ధైర్యంగా వాడతారు, బజారులో మాత్రం 'సెల్' వినిపిస్తుంది. మరాఠీలో 'భ్రమణధ్వని' శుభలేఖల మీద, కార్యాలయాల కాగితాల మీద కనిపిస్తుంది.

తెలుగులో చరవాణిని పత్రికలు నిలబెట్టాయి, ఒప్పుకుంటాను. అయితే అది వచ్చేటప్పటికే సెల్లు జేబుల్లో ఉంది. వస్తువు కన్నా ముందు రాని మాట వార్తల్లోనే ఉండిపోతుంది. బంగ్లాదేశ్‌లో పుట్టిన 'ముఠోఫోన్' చూడండి. గుప్పిట్లో పట్టే ఫోను అని అర్థం. అందులో సగం దేశీ, సగం విదేశీ. అందుకే జనం నోట్లో తిరిగింది.

పదసేవ

ముందు రాని మాట ఉండదా? 'పెళ్లిపత్రిక' అచ్చు యంత్రం కన్నా ముందు వచ్చిందా? మీ వాదన నాకు రుచించలేదు. నేను చరవాణి అనే అంటాను.

అనంత_సీమ

అనండి, సంతోషం. మీ చరవాణి నంబరు ఇవ్వండి, నా సెల్లు నుంచి చేస్తాను.

పేరాక్_తెలుగు

ఇద్దరూ మలేషియా రండి, రాజీ కుదురుస్తాను. మా తాతలు తోటల పనికి ఇక్కడికి వచ్చారు, ఇంట్లో తెలుగే. ఇక్కడ ప్రభుత్వం వాడే మలయ్ మాట 'తెలెఫోన్ బింబిట్', చేత్తో పట్టుకుపోయే ఫోను. బడిలో అది రాస్తారు. వీధిలో అందరూ 'హ్యాండ్‌ఫోన్' అంటారు, సందేశాల్లో 'హెచ్‌పీ' అని రాస్తారు. సింగపూర్, ఇండోనేషియాల్లోనూ ఇదే, కొరియాలో కూడా 'హెండుపోన్' అంటారు. పరీక్షలో ఒక మాట, బజారులో ఒక మాట, ఎవరికీ గొడవ లేదు.

మాకు 1985లోనే 'ఆతుర్ 450' వచ్చింది, ఎస్పో వాసి గారు రాసిన ఎన్ఎంటీ వ్యవస్థే. పెద్ద తోటల మేనేజర్ల జీపుల్లో తప్ప మామూలువాళ్లు దాన్ని చూసింది లేదు. అడవి పక్క తోటలకు తీగలు వేయడం కన్నా ఇదే తేలిక.

దమ్మామ్_దారి

ఎన్ఎంటీ అంటే గుర్తొచ్చింది. అది మొదట మొదలైంది స్వీడన్‌లో కాదు, మా సౌదీలో! 1981 సెప్టెంబరులో ఇక్కడ, మరుసటి నెల స్వీడన్‌లో. చమురు డబ్బు మహిమ.

కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ ఫోన్లతో సంబంధమే లేదు. మా గదిలో పెద్దవాళ్లు క్యాసెట్టులో మాటలు రికార్డు చేసి ఊరికి వెళ్లేవాడి చేతికి ఇచ్చేవారు. అవతల ఇంటివాళ్లంతా కూర్చుని వినేవారు, వెనక వైపు తమ మాటలు నింపి పంపేవారు. జీఎస్ఎం వచ్చింది 1996లో. సౌదీ టెలికం తన సేవకు పెట్టిన పేరు 'అల్ జవ్వాల్', తిరుగాడేది అని. అదే వస్తువు పేరైంది. మా వాళ్లు తెలుగులో కూడా 'జవ్వాల్ నంబరు ఇవ్వు' అనేవారు, సెలవుకు ఊరెళ్లినా నోరు తిరిగేది కాదు. ఈజిప్టువాళ్లు 'మహ్మూల్' అంటారు, మోసుకెళ్లేది. లెబనాన్‌వాళ్లు 'ఖల్యవీ' అంటారు, అంటే సెల్. ఒకే గదిలో ముగ్గురు అరబ్బులుంటే మూడు పేర్లు. రేడియో గారి సూత్రానికి సౌదీలో ఒక మార్కు వేసుకోండి.

ఇజ్రాయెల్‌లో కూడా అంతేనట. 1986లో మొదలైన తొలి కంపెనీ పేరు 'పెలెఫోన్', అద్భుతమైన ఫోను అని. తర్వాత ఎన్ని కంపెనీలు వచ్చినా జనానికి అన్నీ పెలెఫోన్లే.

ఒసాకా_సుబ్బు

జపాన్ వంతు. టోక్యోలో 1979 డిసెంబరులోనే సెల్యులార్ కారు ఫోను సేవ మొదలైంది, వాణిజ్యపరంగా ప్రపంచంలోనే తొలిది. 1985లో దాన్ని కారులోంచి ఊడదీసి పట్టీతో భుజానికి తగిలించుకునేలా చేశారు, బరువు మూడు కిలోలు, పేరు 'షోల్డర్ ఫోన్'. 1987లో 900 గ్రాముల చేతి ఫోను వచ్చింది. దాని పేరు 'కేయిటాయ్ దెన్‌వా', వెంట తీసుకెళ్లే టెలిఫోను. జనం 'టెలిఫోను' ముక్కను వదిలేసి 'కేయిటాయ్' ఉంచుకున్నారు. అంటే ఏ వస్తువో చెప్పే మాట పోయింది, దాని గుణం మిగిలింది!

ఇక్కడ అసలు మలుపు 1994 ఏప్రిల్. అప్పటిదాకా ఫోను కొనుక్కోవడం కుదిరేది కాదు, కంపెనీ నుంచి అద్దెకు తీసుకోవాలి, పైగా డిపాజిట్టు. కొనుక్కోవచ్చని అనుమతించాక గానీ కేయిటాయ్ ఇంటింటికీ రాలేదు. అంతకు ముందు బడి పిల్లల చేతుల్లో ఉన్నది పేజర్. దాని మీద అంకెలే వస్తాయి కాబట్టి అంకెలతోనే మాట్లాడుకునేవారు. 0840 అంటే శుభోదయం, 4649 అంటే 'కాస్త చూసుకో'. అంకెల జపనీస్ ఉచ్చారణతో ఆ మాటలు వస్తాయి.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక పాత మడత ఫోన్లకు 'గరకేయి' అని పేరు పడింది. గలాపగోస్ దీవుల్లోని జంతువుల్లా, లోకంతో సంబంధం లేకుండా జపాన్‌లోనే ఎదిగిన కేయిటాయ్ అని. టీవీ, డబ్బు చెల్లింపు, ఇంటర్నెట్ అన్నీ అందులో ముందే ఉన్నా బయటి దేశాల్లో అమ్ముడుపోలేదు.

బెజవాడ_సర్వీస్

నేను ఫోన్లు బాగుచేసేవాణ్ణి. పేర్ల గురించి మా బల్ల దగ్గరికి వచ్చి వినండి. కంపెనీ పేరు, మోడల్ నంబరు ఎవరూ చెప్పరు. 'టార్చి ఫోను' అంటే 2003లో వచ్చిన నోకియా 1100. ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన సెట్టు. కీప్యాడ్ మొత్తం ఒకే రబ్బరు ముక్క, సందులు లేవు కాబట్టి దుమ్ము చేరదు. మిల్లులో పనిచేసేవాళ్లు, పొలంలో మోటారు వేయడానికి రాత్రి వెళ్లేవాళ్లు దాన్ని వదిలేవారు కాదు. చార్జర్ అడిగేటప్పుడు 'లావు పిన్నా, సన్న పిన్నా' అంతే. 1100కు లావు పిన్ను. దాని బీఎల్-5సీ బ్యాటరీ నేటికీ చిన్న ఎఫ్ఎం రేడియోల్లో వాడుతున్నారు.

మాటలు వినపడటం లేదని తెచ్చేవారు. వెనక మూత జరిపి, మరలు తీసి, పైముక్క ఎత్తితే సగం సార్లు మైకు దగ్గర తవుడో, సున్నమో. బ్రష్షుతో తుడిచి స్పిరిట్ పూస్తే పలికేది. ఇప్పుడు అందరికీ 'టచ్ ఫోను', 'బటన్ల ఫోను' అని రెండే జాతులు. ఒసాకా గారు చెప్పిన గరకేయి మా బటన్ల ఫోనే కదా? స్మార్ట్ ఫోను వచ్చేదాకా దానికి ఆ పేరు అవసరం పడలేదు.

సీతమ్మధార

మిస్డ్ కాల్ గురించి ఎవరూ రాయలేదేం? మామగారి పద్ధతి ముదిరితే అదే కదా. బస్సు దిగగానే ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే స్టేషనుకు రమ్మని అర్థం, రెండు రింగులైతే ఆటోలో వస్తున్నానని. మనవాళ్ల పిసినారితనం లోకంలో ఎక్కడా లేదని అనుకునేదాన్ని.

బవేరియా_భాస్కర్

ఉందండీ, ఉంది. ఇటలీలో దానికి 'స్క్విల్లో' అని పేరు, 'ఒక గంట కొట్టడం'. అక్కడ ప్రేమికులు 'నిన్ను తలుచుకున్నాను' అని చెప్పడానికి స్క్విల్లో కొట్టేవారు. చెక్ భాషలో దీనికి ఒక క్రియాపదమే ఉంది. ఆఫ్రికాలో చాలా చోట్ల 'బీప్', 'ఫ్లాష్' అంటారు. చేసినవాడే డబ్బు కట్టే పద్ధతి ఉన్న చోటల్లా ఇది పుట్టింది. షికాగో వాళ్లకు తెలిసుండదు.

షికాగో_చిన్నోడు

తెలియదు. ఇక్కడివాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. 'ఎత్తకూడదనుకుంటే ఎందుకు చేస్తారు?' అంటారు.

పాతరేడియో

అందరికీ కృతజ్ఞతలు. నా లెక్క ఇది: నాటెల్, క్యాన్నుక్క, జవ్వాల్, పెలెఫోన్ నా వైపు. హ్యాండీ, గోర్బా, నల్లె, పెద్దన్న ఎదురు వైపు. సెల్లు తంతివాడు గారి వైపు. పదసేవ గారు ఎవరి వైపూ కారు.

ఫోటో రేపు పెడతాను. తంతివాడు గారూ, ఈ డైనాటాక్‌ను ఎలాగైనా ఒక్కసారి మోగించే దారి ఉందా?

తంతివాడు

లేదు. అది ఏఎంపీఎస్ అనే అనలాగ్ పద్ధతిలో పనిచేస్తుంది. 2008 ఫిబ్రవరితో ఆ నెట్‌వర్క్ నడిపే బాధ్యత అమెరికాలోని పెద్ద కంపెనీలకు తీరిపోయింది, ఆపేశారు. మన దేశంలో వాణిజ్య సేవ మొదలైందే జీఎస్ఎం‌తో కాబట్టి ఇక్కడ దానికి జవాబిచ్చే టవరు ఎన్నడూ లేదు. వెలిగితే అంకెలు వెలగవచ్చు, అంతే. ఒక జాగ్రత్త: లోపల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే కారి లోపలి పట్టీలను తినేస్తుంది. తీసి విడిగా పెట్టమని మీ మిత్రుడితో చెప్పండి, చెత్తబుట్టలో మాత్రం వేయొద్దు.

బెజవాడ_సర్వీస్

కారితే పచ్చగానో తెల్లగానో పొడి కనిపిస్తుంది. చేత్తో ముట్టుకోకండి. కొంచెం వెనిగర్ అద్దిన దూది పుల్లతో తుడిచి, ఆరబెట్టి, తర్వాత స్పిరిట్ పూయండి.

పాతరేడియో

అలాగే. ఈలోగా ఇంకో ప్రశ్న. పోర్చుగల్‌లో 'టెలిమోవెల్' అంటారు, అదే భాష మాట్లాడే బ్రెజిల్‌లో 'సెలులార్' అంటారు. స్పెయిన్‌లో 'మోవిల్', దక్షిణ అమెరికా స్పానిష్ దేశాల్లో 'సెలులార్'. సముద్రం అవతలికి అమెరికా మాట, ఇవతలికి ఐరోపా మాట వెళ్లినట్లుంది. సావో పావ్లోలోనో లిస్బన్‌లోనో ఉన్న తెలుగువారు ఎవరైనా ఉంటే రాయండి.